అర్జీ కలెక్టర్ కచేరీకా, లండన్‌కా?

1850ల మద్రాసు ప్రెసిడెన్సీలో పంట పోయిన రైతుకు దగ్గరి దారి జమాబందీ, అంటే ఏటా శిస్తు లెక్క తేల్చే కార్యక్రమం. కలెక్టర్ దయ తలిస్తే ఆ ఏడాది శిస్తు కొంత తగ్గేది. కానీ శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ తహసీల్దారు చేతిలోనే ఉండేవి. శిస్తు కోసం కొట్టించినవాడి మీద ఫిర్యాదు చివరికి ఎవరి బల్ల మీదికి చేరుతుంది?

రెండో దారి లండన్‌లోని బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ. గాజుల లక్ష్మీనరసుశెట్టి 1852లో స్థాపించిన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ ఈ దారి పట్టింది. దూరం, ఖర్చు ఎక్కువ. ఒంటరి రైతుకు ఊహకందని పని. అయినా ఫలితం మాత్రం ఇక్కడే కనిపించింది. శిస్తు కోసం పెట్టే చిత్రహింసల మాట ఆ పార్లమెంటులోని కామన్స్ సభకెక్కింది, 1854లో విచారణ కమిషన్ ఏర్పడింది. వేళ్లను చెక్కల మధ్య నొక్కే ‘కిట్టి’ వంటివి నిజమేనని 1855 నివేదిక ఒప్పుకుంది. హింస కంటే, బాధితుడికి న్యాయం అందకపోవడమే తమను ఎక్కువగా కలచివేసిందని కూడా రాసింది. కచేరీ గడప మీద ఇంతకంటే కఠినమైన తీర్పు ఏముంటుంది!

1859 చట్టంతో పోలీసు వ్యవస్థ రెవెన్యూ నుంచి వేరైంది. ఈ ఏడాది గట్టెక్కాలంటే జమాబందీయే; పద్ధతి మారాలంటే లండన్ అర్జీకే నా ఓటు.