కట్టె కోసే మిషన్: రెండు మిషన్లు, ఆరేండ్ల వాడకం

మాది నర్సంపేట దిక్కు ఊరు. ఇంట్ల గ్యాస్ ఉన్నా నీళ్లు కాగేది, పండుగల వంటలు అయ్యేది ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదనే, దానికి తోడు ఎకరంన్నర పసుపు వేస్తం, పసుపు ఉడకబెట్టే రోజులొచ్చినయంటే ఎన్ని కట్టెలున్నా చాలయి. ఇంతకుముందు మా బాపు, మా చిన్నాయిన పొద్దంత గొడ్డలి పట్టుకుని కొట్టేటోళ్లు. బాపుకు నడుము నొప్పి ఎక్కువైనంక నేను పెట్రోల్‌తో నడిచే చైన్ సా మిషన్ కొన్న. ఇప్పటికి రెండు మిషన్లు వాడిన, మొదటిది రెండేండ్లు, రెండోది నాలుగేండ్ల నుంచి నడుస్తాంది. కొనాలనుకునేటోళ్లు నన్ను అడిగేదంతా ఒకటే, ఇంజిన్ ఎన్ని సీసీది తీసుకోవాలె, బార్, అంటే చైన్ తిరిగే ఇనుప పట్టీ, ఎంత పొడుగుండాలె అని. నేను కూడా అదే అడిగి కొన్న, అక్కడనే తప్పు జరిగింది.

మొదటిది 58 సీసీ, 22 ఇంచుల బార్. షాపాయన "అన్నా, పెద్దది తీసుకో, చింత మొద్దైనా ఒక్క దెబ్బకు తెగుతది" అన్నడు, ధర గూడ తక్కువే అనిపించింది, తెచ్చుకున్న. మొదటి రోజు నిజంగనే మస్తుగ కోసింది, అబద్ధం చెప్ప. కానీ పెట్రోల్, ఆయిల్ నింపినంక చేతిల ఆరేడు కిలోల పైన బరువు, దానికి తోడు ఆ వణుకు, పొద్దుగాల ఏడింటికి మొదలువెడితే పదకొండు అయ్యేసరికి వేళ్లు తిమ్మిరెక్కి గ్లాసు పట్టుకుంటే చేయి వణికేది. మనం కోసేది అడవిల మానులు కాదు గదా, తొంభై పాళ్లు ఆరు నుంచి పది ఇంచుల దుంగలు, సర్కారు తుమ్మ, సుబాబుల్, ఎండిపోయిన వేప కొమ్మలు. వాటికి 22 ఇంచుల బార్ ఎందుకు? బార్ ఎంత పొడుగుంటే దాని ముక్కు, అంటే చివరి కొన, అంత దూరం పోతది, అది దేనికి తగులుతుందో కనవడది, చైన్‌కు పళ్లు ఎక్కువ, పదును పెట్టే పని గూడ ఎక్కువ.

ఆ మిషన్ పోయింది మాత్రం మా తప్పుతోనే. మా తమ్ముడు తొందరల బండి ట్యాంక్ నుంచి ఉత్త పెట్రోల్ తీసి పోసిండు, ఆయిల్ కలపలే. పావుగంట నడవకముందే పట్టేసింది, విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువు గీతలు. ఇది టూ స్ట్రోక్ ఇంజిన్, లోపల పిస్టన్‌కు జిడ్డు అందేది పెట్రోల్‌ల కలిసిన ఆయిల్‌తోనే, వేరే దారి లేదు. నా మొదటి మిషన్‌కు 25:1 పోయమని రాసి ఉండె, అంటే లీటర్‌కు 40 మిల్లీలీటర్లు, ఇప్పుడున్న దానికి 50:1, అంటే లీటర్‌కు 20. మీ మిషన్ పుస్తకంల ఏది రాస్తే అదే కలపండి, పక్కోని లెక్క పట్టుకోకండి. కలిపిన డబ్బా మీద మార్కర్‌తో రాసి పెట్టుకుంటున్న ఇప్పుడు, ఇంట్ల ఎవరు తీసినా తెలవాలె.

రెండోది స్టిల్ కంపెనీ ఎంఎస్ 180 తీసుకున్న, 31.8 సీసీ, 16 ఇంచుల బార్. మొదటి దాని మీద దాదాపు మూడింతల ధర, తెచ్చిన రోజు మా చిన్నాయిన చూసి "గింత చిన్నదానికి గన్ని పైసలా బిడ్డా" అన్నడు. ఇప్పుడు ఆయనకే ఇష్టం, ఎందుకంటే ఒక పూట పట్టుకున్నా భుజం గుంజదు. రెండడుగుల చింత మొద్దు గూడ కోసిన దీనితోని, ఒక పక్క సగం, తిరిగి అవతలి పక్క సగం. టైం పడ్తది, కానీ అసొంటి మొద్దు ఏడాదికి ఒకటో రెండో వస్తయి. రోజూ పెద్ద మానులు కోసే కూలి పనికైతే ఇది చాలదు, ఇంటి కట్టెలకు, పసుపు కట్టెలకు ఇదే ఎక్కువ.

అసలు మాట పదును. సీసీ కంటే, కంపెనీ కంటే, పదును ముఖ్యం, ఇది నాకు అర్థమయ్యేసరికి రెండేండ్లు పట్టింది. పదునున్న చైన్‌ను మీరు నొక్కే పనిలేదు, మిషన్ బరువుకే లోపలికి దిగుతది, కింద పడేది పెసర గింజంత పెళ్లలు. పదును పోతే పౌడర్ లెక్క సన్నటి పొట్టు వస్తది, పొగ వస్తది, మనం బలం పెట్టి నొక్కుతం, నొక్కితే బార్ వేడెక్కుతది, ఇంజిన్ మీద భారం పడ్తది, అప్పుడు మిషన్ మంచిది కాదంటం. మొదట్ల నేను చైన్ పట్టుకుని టౌన్‌కు పోయి గ్రైండర్ మీద పట్టించేటోన్ని, ఒకసారి పళ్లు నీలం రంగు తిరిగినయి, ఆ తర్వాత దాని మీద ఆకురాయి గూడ జారుడే. అప్పటి నుంచి నేనే ఇంటికాడ గుండ్రటి ఆకురాయితో పెడుతున్న. నా చైన్‌కు 4 మిల్లీమీటర్ల ఆకురాయి పడ్తది, పాత 58 సీసీ దానికి 4.8 మిల్లీమీటర్లది పట్టేది, సైజు తప్పితే పన్ను ఆకారమే పాడైతది. పంటి లోపలి దిక్కు నుంచి బయటికి, 30 డిగ్రీల వాలుతో, ముందుకు తోసుడే, వెనక్కి రుద్దొద్దు. ప్రతి పంటికి అన్నే లెక్క, నేను మూడు తోపులు పెడతా. ఒక పక్క పళ్లకు ఎక్కువ, ఇంకో పక్క తక్కువ పెడితే కోత వంకర పోతది, మొదట్ల నాది గట్లనే పోయింది, బార్ వంగిందనుకుని కొత్త బార్ కొందామని కూడ బయలెల్లిన. ఇంకోటి చాలామంది చూడనిది, పంటి ముందుండే చిన్న మెట్టు. పళ్లు అరిగేకొద్దీ అది ఎత్తవుతది, ఎత్తయితే పన్ను కట్టెను అందుకోదు, నాలుగైదు సార్లు పదును పెట్టినంక దాన్ని చదును ఆకురాయితో కొంచెం తీయాలె.

పదును పోయేది కట్టెతోని కాదు, మట్టితోని. నేల మీద పడున్న దుంగను అట్లనే కోస్తే చైన్ ఒక్కసారి మట్టిని ముట్టుకున్నా చాలు, సగం పదును పాయె. కింద రెండు కట్టెలు అడ్డం పెట్టి, దుంగను లేపి కోయండి. గట్ల మీద వేపచెట్లయితే ఇంకా జాగ్రత్త, ఎప్పుడో ఫెన్సింగ్ కోసం కొట్టిన మొలలు, తీగలు చెట్టు లోపల కలిసిపోయి ఉంటయి. నాకు ఒక్క మొలతోని పదకొండు పళ్లు పోయినయి.

తుమ్మ, చింత పచ్చిగ ఉన్నప్పుడే ముక్కలు కోసి చీల్చి ఎండబెట్టుకోండి, ఎండినంక అవి ఇనుము లెక్క. చైన్ ఆయిల్ ప్రత్యేకంగ దొరుకుతది, అదే పోయండి. మా దిక్కు చాలామంది ట్రాక్టర్ల నుంచి తీసిన కాలిన ఆయిల్ పోస్తరు, అండ్ల ఇనుప పొడి ఉంటది, బార్ తొందరగ అరుగుతది. ఒక ట్యాంక్ పెట్రోల్ అయిపోయేసరికి ఆయిల్ ట్యాంక్ గూడ దగ్గరదగ్గర ఖాళీ కావాలె, కాలేదంటే ఆయిల్ చైన్‌కు పోతలేదన్నట్టు, ఆ రంధ్రం పొట్టుతో మూసుకుంటది, పుల్లతో తీస్తే పోతది.

ఇంట్ల ఆడోళ్లు, పిల్లలు అటుఇటు తిరిగే జాగల కోసేటోళ్లు ఇది మాత్రం వినండి. బార్ ముక్కు పై భాగం దేనికైనా తగిలితే మిషన్ ఒక్కసారి మన మొఖం మీదికి ఎగురుతది. నాకు పోయినేడు జరిగింది, కొమ్మ వెనక ఇంకో కొమ్మ కనవడలే. ఎడమ చెయ్యి ముందున్న గార్డుకు తగిలి చైన్‌ను ఆపే బ్రేక్ పడ్డది, నిమిషంల వందో వంతు కూడ పట్టలే, నేను అట్లనే కింద కూసున్న. అందుకే కొనేటప్పుడు షాపులనే బ్రేక్ పనిచేస్తుందా చూడండి, స్టార్ట్ చేయించి గార్డు ముందుకు తోసి చైన్ ఆగాలె. భుజం కంటే పైన కోయొద్దు, లుంగీ, తువ్వాల మెడల వేసుకుని కోయొద్దు, కండ్లద్దాలు, బూట్లు లేకుంట మా తమ్మున్ని ఇప్పుడు నేను ముట్టనియ్య.

కరెంట్‌ది గూడ అడుగుతున్నరు కొందరు. ఇంటి ముందట కోసుకునేటోళ్లకు మంచిదే, పెట్రోల్ కలుపుడు లేదు, చప్పుడు తక్కువ. కానీ చేనుల వైర్ గుంజుకుని తిరుగుడు కష్టం, వైర్ సన్నగ ఉండి పొడుగైతే మోటార్‌కు కరెంట్ సరిగ అందదు. సొంత చేనుల చెట్టైనా పచ్చిది కొట్టేముందు పర్మిషన్ సంగతి అడిగి తెలుసుకోండి, 2002ల వచ్చిన వాల్టా చట్టం, అంటే నీళ్లు, భూమి, చెట్లను కాపాడే చట్టం, ఉన్నది.

ఇంకొక్కటి, కొనేముందు మీ ఊరికి దగ్గర్ల ఆ మిషన్ చైన్, ఫిల్టర్, స్టార్టర్ తాడు దొరికే షాపు ఉందా చూసుకోండి. నా పాత దానికి స్టార్టర్ స్ప్రింగ్ కోసం హన్మకొండ, వరంగల్ రెండూ తిరిగిన, ఇరవై రోజులు మిషన్ మూలకు పడ్డది, అదీ పసుపు ఉడకబెట్టే రోజులల్ల. ఇప్పుడైతే పనైపోయినంక ట్యాంక్‌ల పెట్రోల్ అంతా తీసేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాక నడిపించి పెడుతున్న, ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలలకొద్ది ఉంటే కార్బొరేటర్‌ల జిగురు పట్టి తాడు గుంజి గుంజి చేతులు పోతయి. ఫిల్టర్ కడిగి ఆరబెట్టిన, బార్ తిప్పేసిన, పాత చైన్ ఇంక రెండు మూడు పదునులకే వస్తది, వానకాలం అయిపోంగనే కొత్తవి రెండు తెచ్చుకోవాలె.