టిషోమింగోలోని ఎర్ర గ్రానైట్ భవనం

అమెరికాలోని దక్షిణ ఓక్లహోమాలో, టిషోమింగో పట్టణంలో చికసా అనే ఆదివాసీ జాతి పూర్వపు రాజధాని భవనాన్ని చూడబోయేవారు నేరుగా అందులోకి వెళ్ళకుండా, ముందు దాని పక్కనే ఉన్న కౌన్సిల్ హౌస్ మ్యూజియం చూడాలని నా సలహా. 1856లో చికసాలు తమ రాజ్యాంగాన్ని రాసుకున్ననాటి దుంగల ఇంటిని అక్కడ మరో కప్పు కింద భద్రపరిచారు. 1830లలో మిసిసిపీ, అలబామా ప్రాంతాల్లోని సొంత నేల విడిచి రావలసివచ్చి, కొన్నేళ్ళు చోక్తాలనే మరో ఆదివాసీ జాతి ప్రభుత్వంలో భాగంగా ఉండి, 1855 ఒప్పందంతో వేరుపడిన జనం తమ పాలనను అంత చిన్న ఇంటి నుంచి మొదలుపెట్టారు. అది చూశాకే పక్కనున్న రాతి కట్టడం విలువ తెలుస్తుంది.

ఆ తరువాత కట్టుకున్న ఇటుక భవనం అగ్నికి ఆహుతి కాగా, 1898లో ఈ గ్రానైట్ భవనం వెలిసింది. రాయి స్థానికమే, అప్పటి గవర్నర్ రాబర్ట్ హారిస్‌కు చెందిన క్వారీ నుంచి తెచ్చారు. గోడ దగ్గరకు వెళ్ళి చూస్తే రాళ్ళ ముఖాలు నున్నగా లేవు, గరుకుగా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఎర్రటి రాతిలోని పలుకులు వెలుతురు పడినచోట మెరుస్తుంటే చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నన్ను అన్నిటికంటే కదిలించింది ఆ 1898 అనే సంవత్సరమే. అదే ఏడాది జూన్‌లో అమెరికా కాంగ్రెస్ చేసిన కర్టిస్ చట్టం ఆదివాసీ న్యాయస్థానాలను రద్దు చేసింది. అందులో భాగమైన అటోకా ఒప్పందం చికసా, చోక్తా ప్రభుత్వాలకు 1906 మార్చి 4ను గడువుగా పెట్టింది. అంటే తరతరాలు నిలిచే రాతితో కట్టిన ఈ భవనం పూర్తయిన ఏడాదే, అందులో కూర్చోవలసిన ప్రభుత్వానికి ఎనిమిదేళ్ళ లోపు గడువు పడింది. ఈ సంగతి తెలుసుకుని వెళ్ళిన సందర్శకుడికి ప్రతి గదీ వేరుగా కనిపిస్తుంది.

1907లో ఓక్లహోమా రాష్ట్రం ఏర్పడ్డాక భవనం చేతులు మారి జాన్‌స్టన్ కౌంటీ న్యాయస్థానమైంది. ఆ కౌంటీకి పేరు వచ్చింది 1898లో హారిస్ తరువాత గవర్నరైన డగ్లస్ జాన్‌స్టన్ నుంచే. తమ గవర్నర్ పేరున్న కౌంటీకే తమ రాజధాని భవనం దక్కడం చికసాలకు ఎంత బాధ కలిగించిందో ఊహించుకోవచ్చు. 1989లో చికసాల నేటి ప్రభుత్వమైన చికసా నేషన్ దాన్ని తిరిగి కొనుక్కుంది. ఇప్పుడు పాలనా కేంద్రం ఏడా పట్టణంలో ఉంది కనుక ఇది మ్యూజియంగా సందర్శకుల కోసమే నిలిచి ఉంది.

రెండు కట్టడాలకూ కలిపి కనీసం సగం రోజు కేటాయించుకోండి. బయలుదేరే ముందు మరోసారి గోడ చుట్టూ నడిచి, ఆ రాయి మీద చెయ్యి వేసి చూడండి.