రైజెన్ 5 5600: ప్రత్యర్థి దింపిన ధర

కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఏఎండీ 2022 ఏప్రిల్‌లో 199 డాలర్లకు విడుదల చేసిన రైజెన్ 5 5600 మంచి ప్రాసెసరేనా అన్న ప్రశ్నకు జవాబు తేలికే: మంచిదే. అది ఆ ధరకు ఎందుకు వచ్చిందన్నది అంతకంటే ఆసక్తికరమైన విషయం. సరిగ్గా పదిహేడు నెలల ముందు, 2020 నవంబరులో, అదే కంపెనీ 5600ఎక్స్‌ను 299 డాలర్లకు విడుదల చేసింది. రెండింటిలోనూ ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు), 32 మెగాబైట్ల ఎల్3 క్యాష్ (చిప్‌లోని వేగవంతమైన మెమరీ), 65 వాట్ల విద్యుత్ పరిమితి ఉన్నాయి. గరిష్ఠ వేగం మాత్రం 5600ఎక్స్‌లో 4.6 గిగాహెర్ట్జ్, 5600లో 4.4. రోజువారీ పనిలోనే కాదు, ఆటల్లో కూడా ఆ కాస్త తేడాను గుర్తుపట్టడం కష్టం.

మరి వంద డాలర్లు ఎలా తగ్గాయి? 2020 చివరలో ప్రత్యర్థి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు ఇంకా పాత 14 నానోమీటర్ల తయారీ పద్ధతి దగ్గరే ఆగిపోయి ఉండటంతో, తనకు గట్టి పోటీ లేదని గ్రహించిన ఏఎండీ, అంతకుముందు 249 డాలర్లకు అమ్మిన 3600ఎక్స్ స్థానంలో వచ్చిన చిప్‌కు మరో యాభై డాలర్లు కలిపింది. ఎక్స్ లేని చవక రకాన్ని అప్పట్లో అసలు విడుదలే చేయలేదు. 2021 నవంబరులో ఇంటెల్ పన్నెండో తరం వచ్చింది. 2022 జనవరిలో ఆరు కోర్ల కోర్ ఐ5-12400 దాదాపు 192 డాలర్లకు, అంతర్గత గ్రాఫిక్స్ లేని 12400ఎఫ్ 167 డాలర్లకు జాబితాలోకి ఎక్కాయి. మూడు నెలలకే 5600 బయటికి వచ్చింది. దీన్ని ఏఎండీ ఔదార్యంగా లెక్కవేయడం అమాయకత్వమే అవుతుంది.

ఇంటెల్ కూడా తక్కువేమీ తినలేదు. 2007 జనవరిలో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ6600 నుంచి 2017 జనవరి నాటి ఐ7-7700కె వరకు సాధారణ కొనుగోలుదారుకు ఆ కంపెనీ ఇచ్చినవి నాలుగు కోర్లే. ఎనిమిది కోర్లు కావాలంటే ఐ7-6900కె కోసం వెయ్యి డాలర్లకు పైగా పెట్టవలసి వచ్చేది. 2017 మార్చిలో ఏఎండీ ఎనిమిది కోర్ల రైజెన్ 7 1700ను 329 డాలర్లకు ఇవ్వగానే, అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ ఆరు కోర్ల ఐ7-8700కెను తెచ్చింది. 2019లోనైతే పద్దెనిమిది కోర్ల చిప్ ధరను 1,979 డాలర్ల నుంచి ఒక్కసారిగా 979కి దించింది.

ఇక 5600 చిప్ విషయానికి వస్తే, ఏఎం4 (ప్రాసెసర్‌ను కూర్చోబెట్టే ఏఎండీ సాకెట్ రకం) ఉన్న పాత మదర్‌బోర్డును అలాగే ఉంచి ప్రాసెసర్‌ను మాత్రమే మార్చుకోగలగడం దీని అసలైన లాభం. ఏఎం4లో తొలి తరమైన 300 సిరీస్ బోర్డులకు ఈ తరం చిప్‌ల మద్దతును మొదట కాదన్న ఏఎండీ, 2022లో అనుమతించింది. ఆ మనసు మార్పులో కూడా ఇంటెల్ ఒత్తిడి ఉందనే నా అభిప్రాయం. బయాస్‌ను (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్‌ను) పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేసుకోవాలి. ఆ తర్వాత కూలర్‌ను నేరుగా పైకి లాగకూడదు: ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ పట్టుకు, సాకెట్ లివర్ వేసి ఉన్నా సరే, ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, అడుగున ఉన్న సన్నని పిన్నులు వంగిపోతాయి. కాసేపు కంప్యూటర్‌ను నడిపి, ఆపేశాక వెచ్చగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. పెట్టెలో వచ్చే రెయిత్ స్టెల్త్ కూలర్‌ను స్క్రూలతో బిగించాలి కాబట్టి, బోర్డు మీది ప్లాస్టిక్ పట్టీలను తీసేయాలి. అప్పుడు వెనకనున్న బ్యాక్‌ప్లేట్ జారిపోకుండా చేత్తో పట్టుకోవాలి. పూర్తి భారం పడినప్పుడు ఆ ఫ్యాన్ చప్పుడు బాగానే వినిపిస్తుంది.

ప్రాసెసర్‌లో మిగిలిన సొమ్ము మెమరీ దగ్గర కరిగిపోయే అవకాశం కూడా ఉంది. డీర్యామ్ (కంప్యూటర్ మెమరీ చిప్‌ల) మార్కెట్‌లో అత్యధిక భాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల చేతుల్లోనే ఉన్నందువల్ల, అవి ఉత్పత్తి తగ్గిస్తే ధర పెరుగుతుంది. కనుక ఈ చిప్‌కు కావలసిన డీడీఆర్4 రకం మెమరీ చేతిలో ఉన్నవారికే 5600 నిజంగా చవక. దీనిలో అంతర్గత గ్రాఫిక్స్ లేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివారికి 12400 నయం. బోర్డు, మెమరీ అన్నీ కొత్తగా కొనేవారు, 2023 జనవరిలో 229 డాలర్లకు వచ్చిన రైజెన్ 5 7600తో మొత్తం ఖర్చు ఎంతవుతుందో లెక్క చూసుకున్నాకే దీన్ని ఎంచుకోవాలి.