అరకు గది లెక్క, లంబసింగి టెంటు లెక్క

డిసెంబర్‌లో మేం అరకు, లంబసింగి రెండూ తిరిగొచ్చాక మా తోడల్లుడు ఫోన్ చేసి ఒకటే అడిగాడు: "అరకు వెళ్లమంటావా, లంబసింగి వెళ్లమంటావా?" పద్దుల నోట్‌బుక్ తీశాను. తీశాక ఇంకా తికమకపడ్డాను.

అరకులో రాసింది నేను. ఒక్క లైను: "గది, టిఫిన్‌తో కలిపి 2,600. బాగుంది." లంబసింగికి వచ్చేసరికి నోట్‌బుక్ మా ఆవిడ చేతికి వెళ్లింది. టెంటు తలకి 700, అదనపు రజాయి 100, చలిమంట కట్టెలు 200, వేడినీళ్లు రెండు బకెట్లు 80, బొంగులో చికెన్ 350. కింద ఫిర్యాదులు: జిప్పు సగంలో ఆగిపోతుంది, బాత్‌రూమ్ గడియ పడదు, పక్క టెంటువాళ్ల పాటలు రాత్రి ఒంటిగంట దాకా. పేజీన్నర.

చదివితే లంబసింగికి ఎందుకు వెళ్లామా అనిపిస్తుంది. కూడితే ఇద్దరికీ 2,130, అదీ రాత్రి తిండితో సహా. అరకులో భోజనం బిల్లు వేరే కట్టాం, ఎంతో ఎవరికీ గుర్తులేదు. గీజర్ కూడా మొరాయించింది, నేను రాయలేదంతే. మా ఆవిడ అక్కడా రాసి ఉంటే "బాగుంది" అనే మాట మిగిలేది కాదేమో.

చలి సంగతీ అంతే. లంబసింగిలో ఉదయం అయిదింటికి టీ కొట్టు థర్మామీటర్‌లో 7 డిగ్రీలు చూశాం. టెంటు కుర్రాడైతే "సున్నా సార్" అని ఒట్టేశాడు, ఆంధ్రా కశ్మీర్ అన్న పేరు నిలబెట్టాలిగా! అరకులో లేచిందే ఎనిమిదింటికి, చూసింది ఫోన్‌లో: 14. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ చలి అని ఎలా చెప్పను?

ఎత్తు విషయంలో రైల్వేవాళ్లే నయం. అరకు దారిలో శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996.32 మీటర్లు, సెంటీమీటర్లతో సహా. లంబసింగి ఎంత ఎత్తు అంటే అక్కడివాళ్లు "మూడు వేల అడుగుల పైమాటే" అంటారు.

చివరికి అంకెలు వదిలేసి ఇలా చెప్పాను. పిల్లలకి ఘాట్ రోడ్డు పడకపోతే విశాఖలో కిరండూల్ రైలెక్కి అరకు వెళ్లండి, సొరంగాలు చూస్తూ అల్లరి మరిచిపోతారు, దారిలో బొర్రా గుహలు కూడా చూడొచ్చు. అందరూ చీకటితో లేవగలిగితేనే లంబసింగి; దాని దగ్గరి చెరువులవేనం కొండ మీది మంచు ఎండెక్కాక ఉండదు. శని, ఆదివారాలు మాత్రం వద్దు. రజాయిలు ఇంటినుంచే పట్టుకెళ్లండి.