షెల్ స్పైరాక్స్ ఎస్2 జి 80డబ్ల్యూ-90: పాత మారుతి 800 గేర్‌బాక్సుకు తగిన ఆయిలేనా?

కోనసీమలో కారు నడిపేవారికి రెండో గేరుతో ఉన్నంత పని మరే గేరుతోనూ ఉండదు. కాలవ గట్ల మీది ఇరుకు రోడ్లు, నిట్టనిలువుగా ఎక్కించి దింపే చిన్న వంతెనలు, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే మార్జిన్‌లోకి దిగి మళ్లీ ఎక్కవలసిన అవసరం, ఇవన్నీ కలిసి పాత కారు గేర్‌బాక్సులో రెండో గేరు సింక్రో రింగునే (గేరు పడేముందు తిరిగే భాగాల వేగాన్ని సమం చేసే ఇత్తడి వలయాన్నే) ముందుగా అరగదీస్తాయి. మా నాలుగు గేర్ల మారుతి 800లో ఏడాదికి పైగా ఉన్న షెల్ స్పైరాక్స్ ఎస్2 జి 80డబ్ల్యూ-90 ఆయిల్‌ను ఈ కోణంలోనే పరిశీలించాను.

అంతకుముందు ఒక వర్క్‌షాపులో ఇదే కారుకు డ్రమ్ములోంచి లూజు ఆయిల్ పోశారు. అది జీఎల్-5 రకమని డ్రమ్ము మీదే రాసి ఉంది. అడిగితే, "నైంటీ ఆయిల్ ఏదైనా ఒకటేనండీ, ఏం కాదు" అన్నారు. మన దగ్గర ఎక్కువ మంది మెకానిక్‌ల లెక్క ఇదే. కానీ 90 అన్న సంఖ్య చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. ఆ ఆయిల్ ఏ పనికి తయారైందో చెప్పేది జీఎల్ పక్కన ఉన్న అంకె.

జీఎల్-5 ప్రధానంగా హైపాయిడ్ గేర్లకు, అంటే అంబాసిడర్ లాంటి బండ్ల వెనక ఇరుసులోని క్రౌన్, పినియన్‌లకు ఉద్దేశించినది. అక్కడ పళ్లు ఒకదానిపై ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారుతాయి కనుక, గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు జీఎల్-4లో కంటే దాదాపు రెట్టింపు కావాలి. మారుతి 800 ముందు చక్రాలతో నడిచే బండి. ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ గేర్‌బాక్సు లోపలే ఉంటుంది, దాన్ని తిప్పేవి హైపాయిడ్ గేర్లు కావు, మామూలు హెలికల్ గేర్లు. కాబట్టి జీఎల్-5 ఇచ్చే అదనపు రక్షణ ఈ బండికి అక్కరలేనిది. పైగా సింక్రో రింగు పని జారడం కాదు, పట్టుకోవడం. ఇత్తడి రింగు తన గాడులతో ఆయిల్ పొరను చీల్చి, గేరు కోన్‌ను రాపిడితో పట్టి, రెండింటి వేగాన్నీ సమం చేయాలి. మరీ జారుడుగా ఉన్న ఆయిల్‌లో ఆ పట్టు ఆలస్యమై గేరు గరగరలాడుతుంది. గంధకం ఇత్తడిని తినేస్తుందన్న భయం నేటి మంచి జీఎల్-5 ఆయిళ్ల విషయంలో కొంత అతిశయోక్తే కావచ్చు గానీ, పట్టు సమస్య మాత్రం అలాగే ఉంది.

షెల్ ఈ చిక్కును పేరులోనే తీర్చింది. స్పైరాక్స్ ఎస్2 జి అంటే గేర్‌బాక్సుకు, జీఎల్-4. ఎస్2 ఎ అంటే ఇరుసుకు, జీఎల్-5. కొనేటప్పుడు చూడవలసినది ఆ ఒక్క అక్షరమే, ఎందుకంటే రెండింటిలోనూ 80డబ్ల్యూ-90 దొరుకుతుంది.

పాత ఆయిల్ దించినప్పుడు ట్రేలో ఎండ పడేలా వంచి చూస్తే, నల్లటి ద్రవంలో సన్నని పసుపు తళుకు కనిపించింది. ఆ తళుకు సింక్రో రింగులదే. కొత్త ఆయిల్ పోశాక, ఇంజిన్ వేడెక్కిన తర్వాత మూడు నుంచి రెండుకు దించడంలో వచ్చిన తేడా స్పష్టం: వంతెన మొదట్లో గేరు రాడ్డును బలవంతంగా నెట్టవలసిన పని లేకుండా పోయింది. మంచు పట్టే ధనుర్మాసపు ఉదయాల్లో మాత్రం మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు రెండో గేరు మొరాయిస్తూనే ఉంటుంది. ముడి చమురు నుంచి తీసే మినరల్ ఆయిల్ స్వభావమిది. ఆ బిగువు కూడా వద్దనుకునేవారు ఎక్కువ ధర పెట్టి జీఎల్-4 రకంలోనే, చలిలో ఇంతగా చిక్కబడని 75డబ్ల్యూ-90 సింథటిక్ తీసుకోవచ్చు. మన వాతావరణానికి అది అత్యవసరమని మాత్రం నేను అనుకోను.

గేర్‌బాక్సు కూత పెడుతుంటే 140 నంబరు ఆయిల్ పోయమనే సలహా కూడా వినిపిస్తుంది. అరిగిన బేరింగుల చప్పుడు దానివల్ల కొంత అణగవచ్చు, కానీ ఆ చిక్కదనాన్ని చీల్చలేక సింక్రో రింగులు మరింత నెమ్మదిస్తాయి. అలాగే ఇంజిన్ ఆయిల్ 40తో పోలిస్తే 90 రెట్టింపు చిక్కన అనుకోవడం పొరపాటు. ఈ రెండు కొలమానాలు వేరు: 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేర్ ఆయిల్ 90 చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్, ఇంజిన్ ఆయిల్ 40ది 12.5 నుంచి 16.3.

డెల్టాలో కిలోమీటర్ల లెక్క కంటే గోదావరి లెక్క ముఖ్యం. వరద రోజుల్లో మునిగిన కాజ్‌వే మీదుగా నడిపితే, వేడిగా ఉన్న గేర్‌బాక్సు చల్లటి నీటిలో ఒక్కసారిగా చల్లబడి, లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) గుండా నీటిని పీల్చుకుంటుంది. దించే బోల్టు వదులు చేసినప్పుడు ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వస్తే, అది ఎంత కొత్తదైనా పారబోయవలసిందే. రొయ్యల లారీల నుంచి కారే ఉప్పునీటికి కింది బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి కనుక, ముందు ఆయిల్ పోసే బోల్టు ఊడుతుందని నిర్ధారించుకున్న తర్వాతే దించే బోల్టు జోలికి వెళ్లాలి. లేకపోతే ఖాళీ గేర్‌బాక్సుతో బండి అక్కడే ఆగిపోతుంది.

సీలు వేసిన డబ్బా కొనగలిగినవారికి, సింక్రో రింగులు పూర్తిగా అరగని పాత 800కు, ఈ ఆయిల్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. క్లచ్ కేబుల్ సరిగా లేని బండికి, గేరు రాడ్డును గేర్‌బాక్సుతో కలిపే లింకేజీ బుష్‌లు పోయిన బండికి ఏ ఆయిలూ మందు కాదు. రివర్స్ గేరు గరగర గురించి కూడా ఆయిల్‌ను నిందించకూడదు: ఈ బండిలో రివర్స్‌కు సింక్రో రింగే లేదు, కాబట్టి బండి పూర్తిగా ఆగాక, క్లచ్ తొక్కి ఒకటి రెండు క్షణాలు ఆగి వేయాలి.