రెండు రేవులు, ఒకే సముద్రం

ఉక్కు ధర పడినా, బొగ్గు దిగుమతి తగ్గినా విశాఖలో రెండు పోర్టులకూ సెగ తగులుతుంది. తట్టుకునే తీరే వేరు. 1933లో మొదలైన విశాఖపట్నం పోర్టు కేంద్రానిది. 1997 నుంచి చాలా ఏళ్లు టారిఫ్ అథారిటీ (కేంద్ర పోర్టుల రేట్లు నిర్ణయించే సంస్థ) చెప్పిందే రేటు. గంగవరం ప్రైవేటుది, ఆ అథారిటీ పరిధిలో లేదు, బేరమాడి ఓడను పిలుచుకోగలిగేది. 2021 నాటి మేజర్ పోర్టుల చట్టంతో ప్రభుత్వ పోర్టుకీ రేట్ల విషయంలో స్వేచ్ఛ దొరికింది, కాస్త ఆలస్యంగానే అనుకోండి! పైగా ఊరి మధ్యలో ఉంది కాబట్టి బొగ్గు దుమ్ముకి జనానికి జవాబు చెప్పుకోవాలి. గంగవరానికి లాభం రాకపోతే అడిగేది యజమాని.

ఇలాంటి సెగే స్వచ్ఛంద సంస్థలకూ తగులుతుంది. వాటికి ఓడలుండవు, విరాళాలే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆ విరాళంలో ఆఫీసు ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. జీతాల దగ్గరే టెన్షన్.