స్లీప్‌లోనూ కరెంటు లాగే పవర్ చిప్: చాలాకాలం వాడాక నా సమీక్ష

బ్యాటరీ మీద నడిచే సెన్సర్ బోర్డుల్లో ఈ పవర్ మేనేజ్‌మెంట్ చిప్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. ఇందులో రెండు బక్ కన్వర్టర్లు (వోల్టేజ్‌ను స్విచింగ్‌తో తగ్గించేవి), కొన్ని ఎల్‌డీఓలు (స్విచింగ్ లేకుండా తగ్గించే రెగ్యులేటర్లు), లిథియం బ్యాటరీ చార్జర్ ఉన్నాయి. అన్నిటినీ ఐ2సీ (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల బస్) మీదుగా, చిప్ రిజిస్టర్లలో సెట్టింగులు రాసే నడిపించాలి. చార్జింగ్‌కు వంక పెట్టలేం, బక్‌లు వేడెక్కవు. పేచీ అంతా స్లీప్ కరెంటు, అంటే నిద్రలో లాగే కరెంటు దగ్గరే.

తయారీదారు ఇచ్చే డేటాషీట్ మొదటి పేజీ ఈ చిప్‌కు నిద్రలో 15 మైక్రోఆంప్‌ల లోపే అంటుంది. ప్రాసెసర్, సెన్సర్ నిద్రలో తాగేది కలుపుకున్నా బోర్డు మొత్తానికి 20 మైక్రోఆంప్‌లు చాలు. కొలిస్తే 400 దాటింది. 1000 మిల్లీఆంప్-అవర్ బ్యాటరీ 20తో లెక్కప్రకారం ఐదేళ్లకు పైగా రావాలి, 400తో మూడున్నర నెలలకే అయిపోతుంది.

ముందు కొలత సంగతి. మల్టీమీటర్‌ను మైక్రోఆంప్ రేంజ్‌లో పెడితే బోర్డు మేల్కొన్న క్షణంలో మీటర్ లోపలి రెసిస్టెన్స్ మీదే వోల్టేజ్ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. ఆ తర్వాత కనిపించే అంకెకు స్లీప్‌తో సంబంధమే ఉండదు. డీబగ్గర్ (ప్రోగ్రాం ఎక్కించి తప్పులు వెతికే పరికరం) కేబుల్ కూడా పీకేయాలి, దాని పిన్నుల గుండా కరెంటు అటూ ఇటూ పారుతుంది.

అసలు దొంగ ఇంటరప్ట్ పిన్, అంటే ఏదైనా జరిగితే ప్రాసెసర్‌ను పిలిచే పిన్. అది ఓపెన్ డ్రెయిన్: గ్రౌండ్‌కు లాగడమే దానికి వచ్చు, పైకి లేపాలంటే బయట పుల్-అప్ రెసిస్టర్ ఉండాలి. చార్జర్ పీకినా, బటన్ నొక్కినా స్టేటస్ బిట్ పడి, దాన్ని క్లియర్ చేసేదాకా పిన్ గ్రౌండ్‌కు దిగే ఉండిపోతుంది. 3.3 వోల్టులకు 10 కిలోఓమ్‌ల పుల్-అప్ అంటే 330 మైక్రోఆంప్‌లు ఊరికే గ్రౌండ్‌కు పోతున్నట్టు. చిప్ మాత్రం బుద్ధిగా నిద్రపోతూనే ఉంటుంది! స్లీప్‌కు ముందు స్టేటస్ రిజిస్టర్లన్నీ క్లియర్ చేసి, అక్కర్లేని ఇంటరప్ట్‌లను మాస్క్ చేస్తే (పిన్‌ను కదిలించకుండా ఆపితే) ఆ ముక్క పోయింది. అయితే అందులో ఒక రిజిస్టర్ వివరం ఇంటరప్ట్‌ల అధ్యాయంలో లేదు, చార్జర్ అధ్యాయంలో ఎక్కడో దాక్కుంది. ఇలా రాసినవాళ్లు ఆ చిప్‌ను ఒక్కసారైనా బోర్డు మీద పెట్టి చూశారా అని నా అనుమానం.

ఉండాల్సిన 20కి పైన ఇంకా 60 మైక్రోఆంప్‌ల దాకా అదనంగా మిగిలింది. సెన్సర్‌కు సప్లై ఆపేసినా దాని రైల్ (సప్లై లైన్) మీద 2 వోల్టులకు పైగా కనిపించింది, అక్కడే విషయం తేలిపోయింది. ఐ2సీ పుల్-అప్‌లు ఎప్పుడూ ఆన్‌లో ఉండే రైల్‌కు కట్టి ఉన్నాయి. వాటి నుంచి కరెంటు సెన్సర్ పిన్నుల్లోని రక్షణ డయోడ్ల మీదుగా ఆపేసిన రైల్‌లోకి ఎక్కుతోంది. అదే బస్ మీద పవర్ చిప్ కూడా ఉంది కాబట్టి పుల్-అప్‌లను కదిలించడం కుదరదు. అందుకే సెన్సర్ సప్లై ఆపకుండా, దాని సొంత స్లీప్ మోడ్‌లోకి పంపాను. కరెంటు 20 దగ్గరికి దిగింది. ఆపితే ఎక్కువ, ఆపకపోతే తక్కువ అంటే కొందరు నమ్మరు గానీ, ఆఫ్‌లో ఉన్న రైల్ మీద మీటర్ పెట్టి చూడమనండి.

బక్‌ను ఫోర్స్‌డ్ పీడబ్ల్యూఎంలో (లోడ్ తక్కువైనా స్విచింగ్ ఆపని మోడ్‌లో) వదిలేస్తే కరెంటు మిల్లీఆంప్‌లలోకి పోతుంది, అది వెంటనే కనిపిస్తుంది కాబట్టి పెద్ద బాధ లేదు.

చార్జర్ కావాల్సిన బోర్డుకైతే మళ్లీ ఇదే పెడతాను. కాయిన్ సెల్ బోర్డుకు పెట్టను. సీఆర్2032 కాయిన్ సెల్‌లో ఉండేదే సుమారు 220 మిల్లీఆంప్-అవర్. అక్కడ 15 మైక్రోఆంప్‌లు కూడా దండగే, ఒక్క మైక్రోఆంప్ కూడా తాగని ఎల్‌డీఓలు దొరుకుతున్నాయి.